ఎంఏ ఉమెన్స్ స్టడీస్ చేరొచ్చా, ఎంఎస్‌డబ్ల్యూనే మేలా?

స్వర్ణముఖి: బీఏ అయిన అమ్మాయి, ఊరు పాకాల. తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో ఎంఏ ఉమెన్స్ స్టడీస్ చేరతానంటోంది. ఇంట్లో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) అంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

రేణిగుంట జంక్షన్: ఎంఎస్‌డబ్ల్యూనే. ఐసీడీఎస్ (అంగన్‌వాడీల పథకం) సూపర్‌వైజర్ ఉద్యోగాల నోటిఫికేషన్‌లో అర్హతల కాలమ్ చూడండి. హోమ్ సైన్స్, సోషల్ వర్క్, సోషియాలజీ ఉంటాయి. కాలమ్‌లో పేరు లేని డిగ్రీకి వెరిఫికేషన్‌లో ఎంత వాదించినా లాభముండదు.

తలకోన: ఒక్క నోటిఫికేషన్ పట్టుకుని కోర్సునే కొట్టేస్తే ఎట్లన్నా? లెక్చరర్ అర్హత పరీక్ష నెట్‌లో దీనికి వేరే పేపరే ఉంది, కోడ్ 74. మొత్తం 150 ప్రశ్నలు, 300 మార్కులు, మూడు గంటలు, తప్పులకు కోత లేదు. పీజీలో జనరల్‌కు 55 శాతం, రిజర్వేషన్ వాళ్లకు 50 ఉంటే చాలు. అందులోనే జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు.

జంక్షన్: పీహెచ్‌డీ తర్వాత? ఉమెన్స్ స్టడీస్ కేంద్రాలు చాలావరకు యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ప్రణాళికా నిధుల మీద నడిచినవే. 2017లో పన్నెండో పంచవర్ష ప్రణాళిక ముగిసినప్పటి నుంచి వాటికి భరోసా లేదు.

కాణిపాకం: ఈ చదువుకు పని కావాలంటే శ్రీసిటీ పారిశ్రామికవాడ కంపెనీలు ఉన్నాయి కదా. పదిమంది పనిచేసే చోటల్లా లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలి, అందులో బయటి సభ్యులొకరు తప్పనిసరి. 2013 చట్టం.

జంక్షన్: ఆ బయటి సభ్యులకు నిబంధనల్లో రాసిన భత్యం రోజుకు 200 రూపాయలు, దారి ఖర్చులు. అది ఉద్యోగమా?

తలకోన: మీరు జీతం దగ్గరే ఆగిపోయారు. ఆ కోర్సులో నేర్పే పనేందో చూడండి. రోజంతా ఏ పనికి ఎంత సమయం పోతుందో లెక్కించే టైమ్ యూజ్ సర్వేనే తీసుకోండి. తెల్లవారి 4 నుంచి మర్నాడు 4 దాకా అరగంటకో గడి. ‘ఏం పని చేస్తావమ్మా?’ అంటే ‘ఏముంది, ఇంట్లోనే’ అంటుంది. అందుకే ‘లేవగానే ఏం చేశావు, ఆ తర్వాత?’ అని అడుగుతూ పోవాలి. అన్నం వార్చుతూ బిడ్డను చూసుకుంటే రెండూ రాయాలి, ఒకటే రాస్తే బిడ్డను చూసిన పని లెక్కలోంచి పోతుంది. అత్తగారి ఎదుట అడిగితే జవాబే మారిపోతుంది. ఇట్లా కూర్చితేనే 2019 జాతీయ సర్వేలో జీతం లేని ఇంటిపని, అది చేసేవాళ్లలో, ఆడవాళ్లకు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లకు 97 అని తేలింది. ఈ ఓపిక ఎంఎస్‌డబ్ల్యూలో ఒక్క పేపర్‌తో రాదు.

జంక్షన్: సోషియాలజీ వాళ్లూ సర్వేలు చేస్తారక్కా.

తలకోన: చేస్తారు. ‘ఇంటి యజమాని’ గడిలో మగాయన పేరు రాసి, ఆయన చెప్పిందే ఇంటి మాట అనుకుని వచ్చేస్తారు!

పీలేరు: ఇద్దరూ కాస్త తగ్గండి. పిల్ల అడిగింది అడ్మిషన్ గురించి.

జంక్షన్: తగ్గేదేముంది. ఈ సబ్జెక్టు బతకాలని మీకుంది, మంచిదే. దానికి పాకాల పిల్ల రెండేళ్లు పణం పెట్టాలా? ఆ రెండేళ్ల తర్వాత జీతం లేకుంటే ఇంట్లో సంబంధాలు చూడటం మొదలెడతారు. అప్పుడు ఆమెకు ఎదురుచెప్పే బలం జీతమే.

తలకోన: ఇప్పుడొచ్చింది అసలు మాట. ఆ భయంతో ప్రతి పిల్లనూ పక్కకు మళ్లిస్తే సీట్లు నిండవు, సీట్లు నిండకుంటే పోస్టులు రావు, పోస్టులు లేవని మళ్లీ మీరే ఇంకో పిల్లకు చెబుతారు. అర్హతల కాలమ్ మార్పించాలి, పిల్లను కాదు.

జంక్షన్: మార్పించండి, నేనూ సంతకం పెడతా. మారేదాకా మాత్రం ఎంఎస్‌డబ్ల్యూనే అంటాను.

స్వర్ణముఖి: అర్హతల కాలమ్ సంగతి ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. పాత నోటిఫికేషన్లు ఉంటే ఇక్కడ పెట్టండి, తనే చదువుకుంటుంది.