అప్‌డేట్: పసిఫికా గిటార్ అమ్మట్లేదు, పికప్ మార్చాను

యమహా పసిఫికా 112వి అమ్మేసి పెద్ద పేరున్న గిటార్ కొనాలా, దీనికే బ్రిడ్జి హంబకర్ (బ్రిడ్జి పక్కనుండే రెండు కాయిళ్ల పికప్; పికప్ అంటే తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చేది) మార్చుకోవాలా అని అడిగాను కదా. మార్చేశాను. సీమోర్ డంకన్ కంపెనీ జేబీ మోడల్ పికప్ పెట్టాను.

అసలు పనంతా వైర్ల దగ్గరే. డంకన్‌కి నలుపు వైరు హాట్ (సిగ్నల్ వెళ్లేది), ఆకుపచ్చ గ్రౌండ్. ఎరుపు, తెలుపు రెండూ కలిపి టోన్ నాబ్ కిందున్న పుష్-పుల్ స్విచ్‌కి సోల్డర్ చేయాలి. అప్పుడే నాబ్ పైకి లాగితే ఒక్క కాయిలే పలుకుతుంది. కంపెనీని బట్టి రంగులు మారతాయి, డయాగ్రామ్ చూడకుండా సోల్డరింగ్ ఐరన్ పట్టుకోకండి.

మొదట హంబకర్ శబ్దం మిగతా రెండు పికప్‌లనీ మింగేసింది. చివరి ఫ్రెట్ నొక్కి పట్టుకుని పికప్‌ని కొద్దికొద్దిగా కిందికి దించితే సర్దుకుంది. ఎత్తు సంగతి చెప్పిన అన్నకి చాలా థాంక్స్.

ఆల్డర్ బాడీ, ఆ నెక్ నాకు ప్రాణం. ట్రెమోలో (తీగల బిగువు మార్చి స్వరాన్ని ఊపే మీట) జోలికి మాత్రం వెళ్లను, బాగానే ఉంది.