యూరప్ రైళ్లలో ఫస్ట్ క్లాసా, సెకండ్ క్లాసా? అమ్మానాన్నలతో వెళ్తున్నాం

పర్లాకిమిడి వాసి:
అందరికీ నమస్తే. మేలో అమ్మని, నాన్నని, మా ఆవిడని తీసుకుని పారిస్, జ్యూరిచ్, మిలాన్, వెనిస్ వెళ్దామని అనుకుంటున్నాం. నాన్నకి 68, మోకాళ్ల నొప్పులు. వీసా పని అయింది, రైలు టికెట్ల దగ్గరే ఆగిపోయాను. ఫస్ట్ క్లాస్ అంటే నాన్న మన ఫస్ట్ ఏసీ కూపే అనుకుని, తలుపేసుకుని నడుం వాల్చొచ్చు కదా అంటున్నారు. సెకండ్ క్లాస్ అనగానే అమ్మకి గుణుపూర్ ప్యాసింజర్ గుర్తొచ్చి, "అంత దూరం పోయి నిలబడి వెళ్లాలా" అంటోంది. నలుగురికీ లెక్కేస్తే తేడా బాగానే వస్తోంది. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

బరంపురం బాబాయ్:
ముందు నాన్నగారికి చెప్పెయ్యండి, పగటి రైళ్లలో బెర్తులు ఉండవు, రెండు క్లాసుల్లోనూ కుర్చీలే. సెకండ్‌లో అటు రెండు, ఇటు రెండు సీట్లు. ఫస్ట్‌లో అటు రెండు, ఇటు ఒకటి, కాళ్లు చాపుకోవడానికి కాస్త ఎక్కువ చోటు, జనం తక్కువ. రెండూ ఒకేసారి చేరతాయి. అమ్మగారికి మన ఏసీ చైర్ కార్ లాంటిదని చెప్పండి, స్విస్ రైళ్లయితే అంతకన్నా శుభ్రం. 1956 దాకా అక్కడా చాలా దేశాల్లో థర్డ్ క్లాస్ ఉండేది, తీసేశారు.

అసలు తంటా సామానుతో. కూలీలుంటారని అనుకోకండి, పెట్టెలు మనమే ఎక్కించాలి. పారిస్-జ్యూరిచ్ రైలు డబుల్ డెక్కర్, బుక్ చేసేటప్పుడు నాన్నగారికి కింది అంతస్తులో సీట్లు అడగండి. ఆ మెట్ల మీద పెద్ద పెట్టె పట్టుకుని ఎక్కిన నాకు తెలుసు.

రాయగడ అల్లుడు:
అన్నా, మోకాళ్ల నొప్పులంటున్నారు కాబట్టి పారిస్-జ్యూరిచ్ ఒక్కటీ ఫస్ట్ తీసుకోండి, నాలుగు గంటల పైనే. ఒక్కో రైలుకీ విడిగా చూడండి, విమానం టికెట్లలాగే సీట్లు అమ్ముడయ్యేకొద్దీ ధర పెరుగుతుంది, ఒక్కోసారి ఫస్ట్‌కీ సెకండ్‌కీ తేడా కొద్ది యూరోలే ఉంటుంది. నెలల ముందే చూస్తే మంచిది.

ఒక మాట, ప్లాట్‌ఫారం మీద ఏ, బీ, సీ అని బోర్డులుంటాయి, మీ కోచ్ ఏ అక్షరం దగ్గర ఆగుతుందో చూసుకుని నిలబడండి. మేము చూసుకోలేదు. మా అత్తగారు చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ప్లాట్‌ఫారం ఆ కొసనుంచి ఈ కొసకి పరుగు, ఇప్పటికీ పెళ్లిళ్లలో ఆ కథే చెబుతారు. లోపల్నుంచి నడిచి వెళ్దామన్నా కుదరకపోవచ్చు, రెండు రైళ్లు జతచేసి నడిపితే ఒకదాన్నుంచి ఇంకోదానికి దారి ఉండదు. తలుపు పక్కన 1, 2 అని అంకె రాసి ఉంటుంది, చాలా చోట్ల ఫస్ట్ క్లాస్ బోగీకి పైన పసుపు గీత కూడా.

కోరాపుట్ కోడలు:
జ్యూరిచ్-మిలాన్‌కి సెకండ్ చాలు. కొండలు చూడ్డానికి ఫస్ట్ తీసుకుందామనుకుంటే ఆగండి. ఆ వేగంగా పోయే రైలు 57 కిలోమీటర్ల గోథార్డ్ సొరంగంలో దూరుతుంది, 2016లో తెరిచారు, అంతసేపూ మీకు కనబడేది అద్దంలో మీ మొహమే. కొండలు కావాలంటే పాత లైను మీద వెళ్లే రైలు చూడండి, ఆలస్యం అవుతుంది, మారాల్సి రావచ్చు, కానీ వాసెన్ అనే ఊళ్లో పట్టాలు మెలికలు తిరిగి పైకెక్కుతుంటే ఒకే చర్చి మూడు సార్లు మూడు ఎత్తుల్లో కనిపిస్తుంది. మన అరకు లైను మీద తిరిగినవాళ్లకి ఇట్టే నచ్చేస్తుంది.

మిలాన్-వెనిస్ రెండున్నర గంటల లోపే. ఇటలీ వేగపు రైలు ఫ్రెచ్చారోస్సా ఎక్కితే స్టాండర్డ్, ప్రీమియం, బిజినెస్, ఎగ్జిక్యూటివ్ అని పేర్లుంటాయి, కంగారు పడకండి. స్టాండర్డ్ చాలు.

పర్లాకిమిడి వాసి:
అందరికీ థాంక్స్. పారిస్-జ్యూరిచ్ ఫస్ట్, కింది అంతస్తు. మిగతావి సెకండ్. కోడలు గారూ, ఆ పాత లైను టైమింగులు ఈ రాత్రే చూస్తా. అమ్మ అడిగేది ఒకటే, రైల్లో పులిహోర తింటే ఎవరైనా ఏమైనా అంటారా అని.

బరంపురం బాబాయ్:
ఎవరూ ఏమీ అనరు, మేము దద్దోజనం కూడా తిన్నాం. ఆవకాయ సీసా మాత్రం మూత గట్టిగా బిగించండి.

పర్లాకిమిడి వాసి:
అమ్మ సరేనంది. నాన్న మాత్రం తలుపు లేనిది ఫస్ట్ క్లాసే కాదంటున్నారు.