పాత జీఎంసీ మోటర్‌హోమ్: రిబ్స్ వెతకడానికి గోడకు రంధ్రాలు వేయాలా, వద్దా?

పాతబండి_76: ఒహాయోలో ఉంటాం. 1976 జీఎంసీ మోటర్‌హోమ్ (లోపల ఇల్లులా ఉండే బండి) కొన్నాం, 26 అడుగులది. పై అల్మారాలు నానిపోతే పీకేశాను. కొత్తవాటి బరువు అల్యూమినియం రిబ్స్ మీదే, అంటే బండి బాడీని మోసే ఎముకల్లాంటి కమ్మీల మీదే పడాలి. అవేమో ప్యానెల్ వెనక, ఫోమ్ మధ్యలో ఉన్నాయి. గోడ వెనక కమ్మీలు ఎక్కడున్నాయో కనిపెట్టడానికి ఇంట్లో వాడే స్టడ్ ఫైండర్ ఎక్కడ పెట్టినా కూస్తోంది. అయస్కాంతం అసలు అంటుకోవడం లేదు. రంధ్రాలు వేసి చూడనా?

డ్రిల్_బాబాయ్: వేసేయండి. 3 మిల్లీమీటర్ల బిట్ చాలు. ఫోమ్ పొడి వస్తే రిబ్ లేనట్టు, వెండిలా మెరిసే రజను వస్తే దొరికినట్టు. అల్మారా వెనక ఆ రంధ్రాలు ఎవరికి కనిపిస్తాయి?

గోదారోడు: బాబాయ్, ఈ మాటతో నేను ఒప్పుకోను. బిట్ కాస్త జారితే బయటి రేకుకు చిల్లు పడుతుంది, ఆ తర్వాత ప్రతి వానకూ టెన్షనే. గోడలో వైర్లు కూడా ఉంటాయి. ముందు పాత స్క్రూ రంధ్రాలు చూడండి. నిలువుగా ఒకే వరసలో ఉంటే వెనక రిబ్ ఉండే అవకాశం ఎక్కువ. రిబ్‌కు అంటుకోని అయస్కాంతం ప్యానెల్ బిగించిన స్టీల్ స్క్రూలకు అంటుకుంటుంది. మెల్లగా జరుపుతూ వెళ్ళండి.

డ్రిల్_బాబాయ్: పాత ఓనర్లు ఉత్త ప్లైవుడ్‌లోకే స్క్రూలు దిగ్గొట్టిన బండ్లు నేను చూశాను. ఆ వరస నమ్మి బరువు వేలాడదీస్తే హైవే మీద ఊడి నెత్తిన పడుతుంది.

చలికాలం_అక్క: ఇద్దరి మాటలోనూ నిజం ఉంది, కానీ వరుస ముఖ్యం. చల్లటి రాత్రి లోపల హీటర్ రెండు గంటలు వేసి, ఫోన్‌కు తగిలించే థర్మల్ కెమెరాతో గోడ చూడండి. ఫోమ్ వేడిని ఆపుతుంది, అల్యూమినియం బయటకు లాగేస్తుంది. అందుకే రిబ్ ఉన్నచోట చల్లటి చార కనిపిస్తుంది. కెమెరా లేకపోతే బయటికెళ్ళి మంచు ముందు ఎక్కడ కరుగుతుందో చూడండి. గుర్తు పెట్టుకున్నాక అప్పుడు ఒక్క రంధ్రం. బ్యాటరీ, కరెంటు రెండూ తీసేసి, బిట్‌కు టేపు చుట్టి లోతు కట్టడి చేసి వేయండి. బిగించేటప్పుడు మామూలు స్క్రూలు వద్దు తమ్ముడూ, రిబ్ పల్చన. బండి అదురుకు రిబ్‌లో స్క్రూ పట్టు అరిగిపోతుంది. రివెట్ నట్లు (రంధ్రంలో బిగుసుకుని వెనక నుంచి పట్టుకునే నట్లు) వాడండి.

పాతబండి_76: అక్కా, రాత్రి చూశాను. చారలు స్పష్టంగా వచ్చాయి. పాత స్క్రూ వరసల్లో రెండు వాటి మీద లేనే లేవు! కిటికీ పక్కన మాత్రం చార మసకగా ఉంది. శనివారం అక్కడొక్కచోటే డ్రిల్ పెడతాను.