చెల్లికి తోడు నిలిచే మహిళా సంస్థ ఏదైనా చెప్పగలరా?

మా చెల్లి అమీర్‌పేటలో ఒక చిన్న ఆఫీసులో పనిచేస్తోంది. మొత్తం ఏడుగురే. 2 నెలలుగా ఓనరు అసభ్యంగా మెసేజ్‌లు పెడుతున్నాడు. అన్నీ దాచి ఉంచింది.

పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల 2013 చట్టం ప్రకారం 10 మంది కంటే తక్కువ ఉన్నచోట, లేదా యజమాని మీదే ఫిర్యాదైతే, జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్లాలి. చివరి ఘటన జరిగిన 3 నెలల్లోపు రాసివ్వాలి. అదే మా టెన్షన్. విచారణలో లాయర్‌ని పెట్టుకోవడానికి వీల్లేదు, అంతా తనే చెప్పుకోవాలి. పిల్ల ఇంట్లో మాతోనే నోరు విప్పలేకపోతోంది.

మహిళల 181 హెల్ప్‌లైన్, పోలీసుల భరోసా కేంద్రం, భూమిక విమెన్స్ కలెక్టివ్ అనే మహిళా సంస్థ గురించి విన్నాం. ఇలాంటి విషయంలో మీలో ఎవరైనా వీళ్ల దగ్గరికి వెళ్లారా? ఫిర్యాదు రాయించి, చెల్లికి ధైర్యం చెప్పి, కమిటీ గుమ్మం దాకా వెంట వచ్చేది ఎవరు? ముందు ఎక్కడికి వెళ్లమంటారు?