అప్‌డేట్: ప్రమాదం తర్వాత మా తమ్ముడికి గుర్రాల సాయంతో చికిత్స

మంగళగిరి దగ్గర రహదారి ప్రమాదం తర్వాత నిద్రపట్టక, హారన్ వినిపిస్తేనే ఉలిక్కిపడుతున్న మా తమ్ముడికి గుర్రాల సాయంతో చేసే చికిత్స పనికొస్తుందా అని ఇక్కడ అడిగాను. స్పందించిన అందరికీ కృతజ్ఞతలు.

ముందుగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయమన్న సలహాయే దారి చూపింది. ఆ తర్వాత కలిసిన గుంటూరు మానసిక వైద్యుడు దీనిని పీటీఎస్‌డీగా (భయంకర అనుభవం తర్వాత వదలని మానసిక ఆందోళన) నిర్ధారించి, ఇందుకు బలమైన ఆధారాలున్నవి ట్రామాపై, అంటే ఆ ప్రమాదం మిగిల్చిన మానసిక గాయంపై, దృష్టి పెట్టే సీబీటీ (ఆలోచనలను, ప్రవర్తనను మార్చుకునే మాటల చికిత్స), ఈఎండీఆర్ (కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకాన్ని తలచుకునే చికిత్స) అనీ, గుర్రాలతో గడపడం వాటికి తోడు కాగలదే గాని ప్రత్యామ్నాయం కాదనీ చెప్పారు. సీబీటీతో నిద్ర కాస్త కుదుటపడ్డాకే, సైకాలజిస్టు సమక్షంలో, విజయవాడ శివార్లలోని ఒక గుర్రపుశాలలో ఇది మొదలైంది.

స్వారీ అసలు లేదు; గుర్రం ఒళ్లు బ్రష్‌తో తోమడం, పగ్గం పట్టి నడిపించడం, అంతే. క్రూరమృగాల బారి నుంచి పారిపోయి బతికే జంతువు కనుక గుర్రం మనిషి ఒంట్లోని బిగువును ఇట్టే పసిగడుతుందట. తాను ఊపిరి నెమ్మదిగా తీసుకున్నప్పుడు అది కుదురుగా నిలబడటాన్ని తమ్ముడే గమనించి, ఇప్పుడు బెంజి సర్కిల్ రద్దీలోనూ అదే అభ్యాసం చేస్తున్నాడు. బండి మాత్రం ఇంకా నడపడం లేదు.

ఏ జాతి గుర్రం మేలన్న చర్చ మాకు అక్కరకు రాలేదు. ధనుర్వాతం టీకా గుర్తుచేసినవారి మాట మాత్రం ముఖ్యమైనది, ఎందుకంటే ఆ సూక్ష్మజీవి గుర్రపు పేడలో ఉండవచ్చు.