గొంతు కోసి గొంతు ఎత్తుకుపోయారు

పోస్టు:
అందరికీ నమస్కారం. స్పెన్సర్ కింబల్ అనే మార్మన్ (అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ సంఘం) మతపెద్ద జీవితాన్ని నాలుగైదు పేజీల్లో తెలుగు చేస్తున్నాను. ఒక్క జోకు దగ్గర బండి ఆగిపోయింది.

ఈయన 1895లో పుట్టారు. అరిజోనాలో గీలా లోయలోని థాచర్ అనే చిన్న ఊళ్ళో, పాలు పితుకుతూ పాటలు సాధన చేసుకుంటూ పెరిగారు. పెద్దయ్యాక పక్క ఊళ్ళో ఇన్సూరెన్సు, స్థలాల వ్యాపారం పెట్టుకున్నారు. 1943లో ఆ సంఘం ముఖ్య కేంద్రమైన సాల్ట్ లేక్ సిటీ నుంచి ఫోను వచ్చింది, పన్నెండుమంది అపొస్తలుల్లో (సంఘాన్ని నడిపే పెద్దల్లో) మీరొకరు అని. అన్నీ వదిలేసి వెళ్ళారు. ఆ పనిలో సగం మాట్లాడటమే: ఊరూరా సభలు, ప్రసంగాలు. అలాంటాయనకి గొంతు క్యాన్సర్ వచ్చింది. 1957లో న్యూయార్క్‌లో ఆపరేషన్ చేసి ఒక స్వరతంత్రి మొత్తం, రెండోదాంట్లో కొంత తీసేశారు. మాట మిగిలింది గానీ గరగరమంటూ, గుసగుసకి కాస్త పైన.

మళ్ళీ సభలో నోరు విప్పడానికి సొంత లోయకే వెళ్ళారు. తాను తూర్పుకు, అంటే న్యూయార్క్ వైపు, వెళ్తే అక్కడ గొంతులు కోసేవాళ్ళు, దొంగలు పట్టుకుని, గొంతు కోసి స్వరం దోచుకున్నారని చెప్పారు.

నేనేమో "హంతకుల చేతిలో పడితిని, వారు నా కంఠమును ఛేదించి స్వరమును అపహరించిరి" అని రాశాను. ఎఫ్ఐఆర్‌లా ఉంది. కాస్త సాయం చేయండి.

కామెంట్:
కంఠం ఛేదించాక స్వరం సంగతి ఎవరడుగుతారమ్మా, మనిషే ఉండడు కదా! "గొంతు కోశారు" చాలు. ఇంగ్లీషులో ఆ మాట వింటే కత్తి పట్టిన హంతకుడు కనిపిస్తాడు. మనకి నమ్మించి ముంచేవాడు కనిపిస్తాడు, తడిగుడ్డతో గొంతు కోసే రకం. ఆపరేషన్‌కి మనదే బాగా అతుకుతుంది. మనమే సంతకం పెట్టి, డబ్బు కట్టి, బల్లమీద పడుకుని మరీ కోయించుకుంటాం!

కామెంట్:
అలాగైతే డాక్టర్లని మోసగాళ్ళన్నట్టు అవదా అండీ? వాళ్ళ పుణ్యాన ఆయన 1985 దాకా బతికారు.

కామెంట్:
బతికించారు కాబట్టే అలా అనగలిగారు సార్. నిజంగా మోసపోయినవాడు జోకులెయ్యడు.

కామెంట్:
ఒకటి గమనించారా? ఇది లూకా సువార్త 10వ అధ్యాయం వాసన. యెరూషలేము నుంచి యెరికోకి దిగి వెళ్ళే మనిషి "దొంగల చేతిలో చిక్కెను" అని మన తెలుగు బైబిల్లో ఉంది. ఆ సభలో కూర్చున్నవాళ్ళకి ఈ కథ కంఠతా వచ్చి ఉంటుంది. కాబట్టి "పడ్డాను" తీసేసి "చిక్కాను" పెట్టండి. మన చర్చిలకి వెళ్ళేవాళ్ళు కూడా వెంటనే పట్టుకుంటారు.

కామెంట్:
అసలు నిధి మీ కాళ్ళ కిందే ఉంది. "గొంతు నొప్పి"లో గొంతు అవయవం, "ఘంటసాల గొంతు"లో గొంతు స్వరం. ఇంగ్లీషులో ఆయనకి రెండు మాటలు కావాల్సి వచ్చాయి, మనకి ఒకటే చాలు. "గొంతు కోసి, గొంతు ఎత్తుకుపోయారు." ఇక్కడ జోకు మూలం కన్నా తెలుగులోనే బాగా పేలుతుంది. ఇలాంటి అదృష్టం అనువాదంలో ఏడాదికోసారి!

కామెంట్:
మొదటిచోట "పీక" అంటే?

కామెంట్:
వద్దండి. పీక కోయగానే కోడి గుర్తొస్తుంది. పైగా పీకకి స్వరం అర్థం లేదు, పాట విని "ఏం పీకండీ" అని ఎవరూ అనరు. కుత్తుక మరీ పద్యాల్లో మాట. పనిలోపని, గొంతెమ్మ కోరికలకీ ఈ గొంతుకీ చుట్టరికం లేదు, ఆవిడ కుంతమ్మ. ఎవరో అడిగేలోపు చెప్పేస్తున్నా.

పోస్టు పెట్టినామె:
అందరికీ బోలెడు థాంక్స్. ఇంకో చిన్న చిక్కు. ఆ గొంతుతోనే 1973 చివర్లో, 78 ఏళ్ళ వయసులో సంఘాధ్యక్షుడయ్యారు. ప్రసంగాలకి నోటి దగ్గర బుల్లి మైకు ఉండేది. ఆయన హయాంలోనే, 1978 జూన్‌లో, అంతవరకూ నల్లజాతి పురుషులకి ఇవ్వని యాజకత్వాన్ని (సంఘంలో మతకార్యాలు జరిపించే అధికారాన్ని) అర్హులైన పురుషులందరికీ ఇస్తామని ప్రకటించారు. ఆ గొంతుని "బొంగురు గొంతు" అనొచ్చా?

కామెంట్:
బొంగురు జలుబు చేస్తే వస్తుంది, వారంలో పోతుంది. ఇది పోయేది కాదు. "జీరగొంతు" అనండి. 1978 సంగతి మాత్రం ఒక్క వాక్యంలో దాటేయకండి. అప్పటికే చాలా ఆలస్యం, అది కూడా రాయాలి.

పోస్టు పెట్టినామె:
రాస్తానండి. జోకు చివరికి ఇలా తేలింది: "తూర్పుకు పోయాను. గొంతులు కోసే దొంగల చేతిలో చిక్కాను. గొంతు కోసి, గొంతు ఎత్తుకుపోయారు."

కామెంట్:
బ్రహ్మాండం. కానీ "పోయాను" వద్దు తల్లీ, క్యాన్సర్ మాట చెప్పిన వెంటనే అది వింటే గుండె గుభేలుమంటుంది. "వెళ్ళాను" అనండి.

కామెంట్:
మా కరీంనగర్ దిక్కు పోయిన అంటే వెళ్ళిన అనే. ఉండనీయండి మేడం.