రెఫరీ అడిగినదల్లా మార్చాలా, పేపర్ వెనక్కి తీసుకోవాలా?

నారాయణపేట స్కాలర్:
అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఎకనామిక్స్ పీహెచ్‌డీ చివరి దశలో ఉన్నాను. నా పేపర్ రైతుబంధు మీద. 2018 మేలో పథకం మొదలైనప్పుడు ఎకరానికి సీజన్‌కు 4,000 రూపాయల చొప్పున చెక్కులు ఇచ్చారు. 2019 నుంచి అది 5,000 అయింది. సాగు చేసేది కౌలు రైతయినా డబ్బు మాత్రం పట్టాదారుకే వెళ్లేది. ఈ డబ్బు వచ్చాక కౌలు రేట్లు ఏమయ్యాయి అన్నదే నా ప్రశ్న. నారాయణపేట, వికారాబాద్ జిల్లాల్లో ఊళ్లు తిరిగి, కౌలు రైతులతో కూర్చుని వివరాలు రాసుకున్నాను. చాలాచోట్ల కౌలు పెరిగిందనే చెప్పారు.

ఒక విదేశీ జర్నల్ నుంచి రివైజ్ అండ్ రీసబ్మిట్, అంటే సవరించి మళ్లీ పంపమన్న జవాబు, వచ్చింది. పేపర్‌ను పరిశీలించే నిపుణుల్లో, అంటే రెఫరీల్లో, మొదటివారు అడిగినవి చిన్న సవరణలే. రెండో రెఫరీ మాత్రం శాంపిల్ చిన్నది కాబట్టి కౌలు భాగం తీసేయమన్నారు. దాని బదులు తెలంగాణ, కర్ణాటక సరిహద్దు మండలాలను పోల్చి, పథకం వల్ల రైతుల పెట్టుబడి పెరిగిందో లేదో చూపమన్నారు. అలా చేస్తే నా పేపర్‌లో కౌలు రైతే ఉండడు. ఎడిటర్ ఉత్తరంలో "రెండో రెఫరీ అభ్యంతరాలకు తృప్తికరమైన జవాబు ఉండాలి" అని ఉంది. చెప్పినట్టు చేసేయమని గైడ్ గారి సలహా. వెనక్కి తీసుకుని ఇంకో జర్నల్‌కు పంపమని సీనియర్లు అంటున్నారు. రాత్రిళ్లు ఇదే టెన్షన్. మీరేమంటారు?

కోఠి లెక్చరర్:
చేసేయండి. ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, స్టెఫానో డెల్లావిన్యా 2013లో తీసిన లెక్క చూడండి. ఎకనామిక్స్‌లో టాప్ 5గా పేరున్న జర్నల్స్‌కు వచ్చే పేపర్లు 1990 నుంచి 2012కు దాదాపు రెట్టింపయ్యాయి. అచ్చయ్యేవి మాత్రం 1970ల చివర్లో ఏడాదికి 400 ఉంటే, 300కు తగ్గాయి. అంగీకారం 15 శాతం నుంచి 6 శాతానికి పడిపోయింది. మీది టాప్ 5 కాకపోవచ్చు. కానీ అక్కడ రిజెక్ట్ అయినవన్నీ మిగతా జర్నల్స్ మీదే పడతాయి కదా.

ఉద్యోగం సంగతి కూడా ఆలోచించండి. 2022 యూజీసీ నిబంధనల్లో థీసిస్‌కు ముందు పేపర్ తప్పనిసరి అన్న షరతు తీసేశారు, నిజమే. ఇంటర్వ్యూ బోర్డు ముందు కూర్చున్నప్పుడు మాత్రం పేపర్ ఉందా లేదా అనే చూస్తారు. కౌలు భాగాన్ని రెండో పేపర్‌గా రాసి ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీకి పంపండి. రెండూ దక్కుతాయి.

తార్నాక నుంచి:
కోఠి సార్, రెండూ దక్కవండి. సరిహద్దు పేపర్ వచ్చాక "రైతుబంధుతో పెట్టుబడి పెరిగింది" అన్న ఒక్క వాక్యాన్నే అందరూ ఎత్తి రాసుకుంటారు. ఆ భూమిని దున్నినవాడికి ఏమైందని తర్వాత ఎవరు అడుగుతారు?

స్విట్జర్లాండ్ ఆర్థికవేత్త బ్రూనో ఫ్రే 2003లో పబ్లిక్ చాయిస్ జర్నల్‌లో సరిగ్గా ఈ విషయమే రాశారు. పేపర్ అచ్చవాలంటే రచయిత తాను నమ్మనిది కూడా రాయాల్సి వస్తోందని ఆయన ఆవేదన. పేపర్ తీసుకోవాలా వద్దా అన్నది ఎడిటర్ ముందే తేల్చాలి, ఆ తర్వాత రెఫరీలు చెప్పేవి సలహాలుగానే ఉండాలి అన్నది ఆయన ప్రతిపాదన. నాకు అది అక్షరాలా న్యాయంగా కనిపిస్తుంది. పేపర్ కింద ఉండేది రచయిత పేరు. రెఫరీ పేరు ఎక్కడా ఉండదు.

పైగా ఒకసారి మారిస్తే అయిపోదు. అగ్ర జర్నల్స్‌లో పేపర్ తేలడానికి పట్టే కాలం అంతగా పెరగడానికి పదేపదే రివిజన్లు అడగడం ఒక పెద్ద కారణమని ఆర్థికవేత్త గ్లెన్ ఎల్లిసన్ 2002లోనే చూపించారు. అమెరికా ఆర్థికవేత్త జార్జ్ ఏకర్లాఫ్ పాత కార్ల మార్కెట్ మీద రాసిన పేపర్‌ను మూడు జర్నల్స్ తిప్పి పంపాయి. మొదటి తిరస్కరణ ఉత్తరం వచ్చేనాటికి ఆయన మన దేశంలోనే ఉన్నారు. ఆ పేపర్ చివరికి 1970లో నాలుగో చోట అచ్చయింది, 2001లో నోబెల్ తెచ్చింది.

కోఠి లెక్చరర్:
ఏకర్లాఫ్ ఉదాహరణ ఇక్కడ సరిపోదమ్మా. ఆయనకు అప్పటికే ఎంఐటీ పీహెచ్‌డీ ఉంది, బర్క్‌లీలో ఉద్యోగం ఉంది. ఆగగలిగారు. ఫెలోషిప్ అయిపోవస్తున్న పిల్లవాడిని ఆగమనడం తేలిక, ఆ నెలలు గడపాల్సింది అతనే. నా విద్యార్థుల్లో మంచి పేపర్ చేతిలో పెట్టుకుని గెస్ట్ లెక్చరర్లుగానే ఉండిపోయినవాళ్లు ఉన్నారు. వాళ్లను చూస్తూ నేను ఇంకో సలహా ఇవ్వలేను.

బేగంపేట:
నేను కొన్ని జర్నల్స్‌కు రెఫరీగా చేస్తాను, ఆ వైపు నుంచి చెబుతాను. రెఫరీ ఉత్తరంలో అభ్యంతరం వేరు, ఆయన సూచించిన మందు వేరు. అభ్యంతరానికి జవాబు చెప్పి తీరాలి. మందు మింగాలని లేదు.

సరిహద్దు పోలిక అడగడం వెనుక ఉన్న అసలు అభ్యంతరం ఏమిటి? కౌలు పెరిగింది సరే, అది రైతుబంధు వల్లే పెరిగిందని ఎలా అంటారు? ఇది గట్టి ప్రశ్న తమ్ముడూ, దీన్ని దాటలేవు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. అంతకుముందు 2015 నుంచి మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీశారు. నీళ్లుంటే కౌలు ఎలాగూ పెరుగుతుంది. నీ సర్వే వీటిని విడదీసి చూపాలి.

అయితే రెండో రెఫరీ చెప్పిన సరిహద్దు పోలిక కూడా వీటిని విడదీయదు. సరిహద్దుకు ఇవతల ఉన్నది రైతుబంధు ఒక్కటే కాదు. ఆ కరెంటు, ఆ చెరువులు, 2017లో మొదలైన భూరికార్డుల ప్రక్షాళన, అన్నీ ఇవతలే ఉన్నాయి. పెట్టుబడి పెరిగినట్టు తేలినా అది దేనివల్ల అన్న ప్రశ్న మళ్లీ అక్కడే ఉంటుంది. ఈ మాట ఎడిటర్‌కు మర్యాదగా, ఆధారాలతో రాయొచ్చు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు తెలిసిన ఈ సంగతులు ఎక్కడో కూర్చున్న రెఫరీకి తెలియకపోవచ్చు, చెప్పాల్సింది మనమే.

మరి దాని బదులు ఏం చేయాలి? ప్రక్షాళనలో వివాదం ఉన్న భూములను పార్ట్-బిలో పెట్టారు గుర్తుందా? వాటికి కొత్త పాసుపుస్తకం రాలేదు, కాబట్టి రైతుబంధూ రాలేదు. అదే ఊరు, అదే చెరువు, అదే కరెంటు. ఒక చెలక యజమానికి డబ్బు వచ్చింది, పక్క చెలకకు రాలేదు. 2018కి ముందు, తర్వాత ఈ రెండింటి కౌలు ఎలా మారిందో చూపు. వివాదం ఉన్న భూమికి మొదటినుంచీ కౌలు తక్కువే ఉండొచ్చు, అందుకే స్థాయిని కాక మార్పును పోల్చాలి. ఇలా చేస్తే కౌలు రైతు పేపర్‌లోనే ఉంటాడు, రెఫరీ ప్రశ్నకూ జవాబు దొరుకుతుంది.

తార్నాక నుంచి:
బేగంపేట గారూ, పార్ట్-బి ఆలోచన నిజంగా బాగుంది. కానీ రెఫరీ మొండికేస్తే ఎడిటర్ ఎవరి మాట వింటారు? మళ్లీ ఒక రౌండ్, మళ్లీ నెలలు. అందుకే రివిజన్లు లేని దారి కూడా చెబుతున్నా. ఎకనామిక్ ఎంక్వైరీ అనే జర్నల్ 2007లో ఒక పద్ధతి తెచ్చింది. రచయిత కోరుకుంటే ఉన్న పేపర్‌ను ఉన్నట్టే తీసుకోవడమో కాదనడమో, అంతే.

ఉప్పల్ అక్క:
ఒక్క మాట. శాంపిల్ చిన్నదన్నారని తీసేయడం ఎందుకు? అది చిన్నదని పేపర్‌లో సూటిగా ఒప్పుకుని, ఆ సర్వే ఎంతవరకు చెప్పగలదో అంతవరకే చెప్పండి. కౌలుకు రాతకోతలు లేని ఊళ్లలో పెద్ద శాంపిల్ దొరకడం ఎంత కష్టమో సర్వే చేసినవాళ్లకు తెలుసు. తమ పేరు బయటికొస్తే వచ్చే ఏడు భూమి ఇవ్వరేమోనన్న భయంతోనే కౌలు రైతులు మాట్లాడతారు. అంత భయంలోనూ చెప్పిన మాటలను తీసేయకండి.

నారాయణపేట స్కాలర్:
అందరికీ కృతజ్ఞతలు. బేగంపేట సార్, నా ఊళ్లలో పార్ట్-బి సర్వే నంబర్లు ఉన్నాయి, కొందరి కౌలు వివరాలు కూడా ఉన్నాయి. ఆ కోణంలో విడదీసి చూడలేదు. ఒక సందేహం. రెఫరీ అడిగిన సరిహద్దు పోలిక అసలు చేయకుండా వదిలేస్తే ఎడిటర్‌కు కోపం రాదా?

బేగంపేట:
చేయి, అపెండిక్స్‌లో పెట్టు. అది ఎందుకు సరిపోదో ఆ పట్టిక కిందే రాయి. చేయలేక తప్పించుకున్నారన్న అనుమానం పోతుంది. రీసబ్మిట్ చేసే దాకా ఆగకుండా ఇప్పుడే ఎడిటర్‌కు చిన్న ఉత్తరం పంపు: "కౌలు భాగం పేపర్‌కు కేంద్రం, దాన్ని ఉంచి, కారణం ఏమిటన్న ప్రశ్నకు ఇలా జవాబు ఇవ్వాలనుకుంటున్నాం, మీకు సమ్మతమేనా?" అని. కాదంటే అప్పుడు తార్నాక గారు చెప్పిన దారి ఉండనే ఉంది.

కోఠి లెక్చరర్:
ఆ ఉత్తరం గైడ్ గారికి చూపించాకే పంపండి. ఎడిటర్ కాదంటే మాత్రం నా సలహా మారదు, రెఫరీ అడిగినట్టే చేసి ముందు ఈ పేపర్ అచ్చేయించండి.

నారాయణపేట స్కాలర్:
ఈ వారమే గైడ్ గారిని కలుస్తాను సార్. కాదంటే ఏం చేయాలన్నది మీతో నాకు ఇంకా తేలలేదు. కౌలు భాగం తీసి మాత్రం పంపను.